మచ్చల కుక్క మీద విచారణ జరగాలి

ఇటలీలో ఒక ఆడకుక్క ఒంటినిండా ఎర్రమచ్చలతో, నాలుక బయటపెట్టుకుని, యాభై ఏళ్ళుగా యథేచ్ఛగా తిరుగుతోంది. ఆ మచ్చలు పుట్టుకతో వచ్చినవా, చర్మవ్యాధా అని పశువైద్యుడెవరూ సర్టిఫికెట్ ఇచ్చిన దాఖలా లేదు. పేరు పింపా. 1975 జులైలో ‘కొర్రియెరె దెయ్ పిక్కొలి’ అనే పిల్లల వారపత్రికలో బొమ్మల కథగా మొదటిసారి కనబడింది. 1987లో సొంతంగా మాసపత్రిక పెట్టుకుంది. మధ్యలో టీవీ కూడా ఎక్కేసింది. ఇంత జరుగుతున్నా దాని మీద ఒక్క విచారణ సంఘం వేయలేదంటే పిల్లల భవిష్యత్తు గురించి రాత్రిళ్ళు నిద్రపట్టని నాలాంటి బాధ్యతగల పెద్దమనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

కేసు పూర్వాపరాలు క్లుప్తంగా మనవి చేస్తాను. అర్మాందో అని ఒక మీసాలాయన ఉన్నాడు. టోపీ పెట్టుకుంటాడు. పెళ్ళయిందో లేదో తెలీదు. పింపా ఆయన ఇంట్లోనే ఉంటుంది. ఆయన పొద్దున్నే పనికి వెళ్ళిపోతాడు. ఏం పని, ఎక్కడ పని, జీతమెంత అనే వివరాలు ఇన్నేళ్ళలో బయటపెట్టలేదు. పసిపిల్లలాంటి పింపాని ఇంట్లో ఒంటరిగా వదిలేసి వెళ్ళడం నేరమని పొరుగువాళ్ళెవరైనా ఫిర్యాదు చేస్తారేమో అంటే, ఆ కథల్లో పొరుగువాళ్ళంటే చెట్లు, పక్షులు, కుందేలు పిల్ల. వీళ్ళెవరూ పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కే రకం కాదు.

ఇక పింపా బయల్దేరుతుంది. సూర్యుడు పలకరిస్తాడు. మంచం మాట్లాడుతుంది. కుర్చీ, మేఘం, చంద్రుడు, ఏది ఎదురుపడితే అది నోరు విప్పుతుంది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఎవ్వరూ ఆశ్చర్యపోరు. కుర్చీ మాట్లాడితే దడుచుకోవాలన్న కనీస లోకజ్ఞానం ఆ కుక్కకి లేదు. సముద్రం అడుగుకి వెళ్తుంది, వేరే ఖండానికి వెళ్తుంది, వీసా ఊసే ఉండదు, చీకటిపడే వేళకి ఇంట్లో ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిందంతా అర్మాందోకి చెబుతుంది. ఆయన వింటాడు. “ఫోటో ఉందా?” అని అడగడు. “నిజం చెప్పు” అని గద్దించడు. గుడ్‌నైట్ చెప్పి దీపం ఆర్పేస్తాడు. సాక్ష్యం అడగకుండా పిల్లల మాట నమ్మే తండ్రులు తయారైతే సమాజం ఎటు పోతుంది?

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మరొకటి. ఈ కథల్లో నీతి లేదు. ఉద్దేశపూర్వకంగానే లేదని నా అనుమానం. ఆరోపణ చేసే ముందు సాక్ష్యాధారాలు ఉండాలి కాబట్టి పాత సంచికలు తిరగేశాను, ఆ తర్వాత ఇంకొన్ని తిరగేశాను, ఈ పని ఇంకా పూర్తికాలేదు. ఎక్కడా విలన్ లేడు. అబద్ధమాడిన కుక్కకి శిక్ష పడదు, నిజం చెప్పిన కుక్కకి బహుమతి రాదు. మన బేతాళుడైనా ప్రశ్న వెయ్యకుండా చెట్టెక్కడు, తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుందని బెదిరించి మరీ వేస్తాడు. పింపా కథ అయిపోయాక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి “దీనివల్ల మనకేం తెలిసింది?” అని అడిగితే ఏం చెబుతాడు? మేఘం మంచిదని చెబుతాడు. దానికి ఏ పరీక్షలోనైనా మార్కులు వేస్తారా?

ఇటలీ పెద్దలు మొదటి నుంచీ ఇంత నిర్లక్ష్యంగా ఉన్నారనుకుంటే పొరపాటు. పిల్లల్ని బొమ్మల బారి నుంచి కాపాడటంలో వాళ్ళది ఘనమైన చరిత్ర. పింపా దూరిన ఆ ‘కొర్రియెరె దెయ్ పిక్కొలి’నే తీసుకోండి. 1908 డిసెంబర్ 27న, మిలాన్‌లోని పెద్ద దినపత్రిక ‘కొర్రియెరె దెల్లా సేరా’కి అనుబంధంగా మొదలైంది. ఆలోచన పావొలా లొంబ్రోజో అనే రచయిత్రిది. సంపాదకత్వం మాత్రం సిల్వియో స్పవెంత ఫిలిప్పి అనే మగాయనకి ఇచ్చి, ఆవిడకి పిల్లల ఉత్తరాలకు జవాబులు రాసే పని అప్పగించారు. (ఇలాంటి విషయాల్లో అన్ని దేశాలూ మన దేశాలే.) ఆవిడ తండ్రి ఎవరనుకున్నారు? ముఖం చూసి, పుర్రె కొలిచి పుట్టు నేరస్థుణ్ణి పట్టెయ్యవచ్చని సిద్ధాంతం చేసిన చెసారె లొంబ్రోజో. ఒంటిమీద గుర్తులున్న వాళ్ళంటే ఆయనకు ప్రత్యేకమైన అనుమానం, పచ్చబొట్ల గురించి పేజీలకు పేజీలు రాశాడు. 1909లోనే పోయాడు గానీ, ఇంకో డెబ్బై ఏళ్ళు బతికుంటే ఈ వేలాడే చెవులు, ఈ బయటికొచ్చిన నాలుక, ఈ మచ్చలు చూసి కుక్కని అక్కడికక్కడే లోపల వేయించేవాడు.

ఆ పత్రిక తొలి జాగ్రత్త చూడండి. అమెరికా నుంచి కామిక్స్ తెప్పించుకున్నారు. బొమ్మలు బాగున్నాయి. కానీ పాత్రల నోటి పక్కన మాటల బుడగలున్నాయి! బుడగలో మాటలు చదివితే పిల్లలు చెడిపోతారని తీర్మానించి, బుడగలన్నీ చెరిపేసి, బొమ్మల కింద ప్రాస కుదిరిన చిన్నచిన్న ద్విపదలు అచ్చేశారు. అమెరికాలో ‘హ్యాపీ హూలిగన్’ అనే దేశదిమ్మరి ఇటలీ వచ్చేసరికి ఫొర్తునెల్లో అనే పేరు పెట్టుకుని పద్యాల్లో తన్నులు తినడం మొదలుపెట్టాడు. తన్నులు మాత్రం అవే. వాటికి ఛందస్సు దొరికింది కాబట్టి విద్యావిలువ వచ్చింది.

తర్వాత ముస్సోలినీ సర్కారు ఇంకో అడుగు ముందుకేసింది. 1938లో ప్రజా సంస్కృతి మంత్రిత్వశాఖ విదేశీ కామిక్స్‌ని బహిష్కరించింది. మిక్కీ మౌస్‌కి మాత్రం, అంటే వాళ్ళ భాషలో తొపొలీనోకి, మినహాయింపు. 1942 వచ్చేసరికి అమెరికాతో యుద్ధం, ఆ మినహాయింపు కూడా పోయింది. అప్పుడేం చేశారు? తొపొలీనో పేరుతో వస్తున్న పత్రిక ఆగకూడదు, ఎలుక ఉండకూడదు. అందుకని తుఫ్ఫొలీనో అనే మనిషి పిల్లవాణ్ణి దించారు. అవే సాహసాలు, అదే తరహా మిత్రబృందం, చెవులు మాత్రం జాతీయవాద చెవులు. దేశభక్తి కోసం ఎలుకని మనిషిగా మార్చిన ప్రభుత్వాలు చరిత్రలో అరుదు. సాధారణంగా అవి రెండోవైపు నుంచి మొదలుపెడతాయి.

ఫాసిజం పోయింది, ప్రజాస్వామ్యం వచ్చింది, బొమ్మల భయం పోలేదు. 1951 చివర్లో కమ్యూనిస్టు నాయకురాలు నీల్దె యోత్తి పార్టీ పత్రిక ‘రినాషితా’లో కామిక్స్ మీద గట్టి వ్యాసం రాసింది. అవి అమెరికా సరుకని, చదివే అలవాటుని చెడగొడతాయని, హింస నేర్పుతాయని ఆమె అభియోగం. దానికి జవాబు రాసింది ఎవరో కాదు, అదే పార్టీ పిల్లల వారపత్రిక ‘పియొనియెరె’ నడుపుతున్న జాన్ని రోదారి. బొమ్మల కథ అనేది ఒక పద్ధతి మాత్రమే, మంచికీ వాడుకోవచ్చు అన్నాడు పాపం. పార్టీ పెద్ద తొల్యాత్తి ఆ వాదన ఒప్పుకోలేదు. అదే రోజుల్లో కమ్యూనిస్టుల బద్ధశత్రువులైన క్రైస్తవ డెమొక్రాట్లు పిల్లల పత్రికల్ని అచ్చుకి ముందే తనిఖీ చెయ్యాలని పార్లమెంటులో బిల్లు నడిపారు, అది చివరికి చట్టం కాలేకపోయింది. ఆ దేశంలో భూసంస్కరణల మీద, నాటో మీద, పోప్ మీద ఏకాభిప్రాయం రాలేదు. పిల్లవాడి చేతిలో బొమ్మల పుస్తకం ప్రమాదమన్న దగ్గర మాత్రం ఎడమా కుడీ ఒక్కమాట మీద నిలబడ్డాయి. రోదారికి 1970లో పిల్లల సాహిత్యంలో అతిపెద్ద పురస్కారం హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పతకం వచ్చింది. పార్టీ క్రమశిక్షణకి ఏ పతకమూ రాలేదు, అన్యాయం కదా.

1960ల మొదట్లో ప్రచురణకర్తలే ముందు జాగ్రత్తగా ‘నైతిక హామీ’ అని అట్టమీద ముద్ర వేసుకోవడం మొదలుపెట్టారు. ‘టెక్స్’ అనే కౌబాయ్ కామిక్ పునర్ముద్రణల్లో ఆడపాత్రల లంగాలు పొడవయ్యాయి. అంటే ఒకరు కూర్చుని, కలం సిరాలో ముంచి, పాత బొమ్మల్లో మోకాళ్ళు కప్పుకుంటూ పోయారన్నమాట. ఇంత శ్రద్ధగల జాతి పింపా దగ్గరికొచ్చేసరికి ఎందుకు కళ్ళు మూసుకుంది? నా పరిశోధనలో తేలిందేమిటంటే, కప్పడానికి మోకాళ్ళు దొరకలేదు. చెరపడానికి తుపాకీ లేదు. తనిఖీదారులందరూ పిల్లల కథలో ఏముందో వెతకడానికి శిక్షణ పొందినవాళ్ళు. ఏమీ లేని కథ మీద ఏ సెక్షన్ పెట్టాలో వాళ్ళకి తెలీలేదు.

ఇక అసలు ముద్దాయి దగ్గరికి వస్తాను. బొమ్మలు గీసినాయన ఫ్రాంచెస్కో తుల్లియో-అల్తాన్, సంతకం ఒట్టి అల్తాన్. 1942లో త్రెవీజోలో పుట్టాడు. వెనిస్‌లో ఆర్కిటెక్చర్ చదువు మొదలుపెట్టాడు, పూర్తిచెయ్యలేదు. (ఇది ఒక్కటే చాలు మన ఇళ్ళలో పెళ్ళిసంబంధం తప్పిపోవడానికి.) 1970లో బ్రెజిల్ వెళ్ళి రియోలో సినిమాలకి సెట్లు వేశాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, కూతురు పుట్టింది. ఆ పసిపిల్ల కోసం గీసిన కుక్కే పింపా. తండ్రి కార్లో తుల్లియో-అల్తాన్ పేరుమోసిన మానవశాస్త్రవేత్త, ఇటాలియన్లకి పౌరబాధ్యత ఎందుకు అబ్బలేదో లావుపాటి పుస్తకాలు రాశాడు. కొడుకు అదే దేశపు పిల్లలకి మంచంతో మాట్లాడటం నేర్పాడు. ఇద్దర్లో ఎవరి పుస్తకం ఎక్కువ ఇళ్ళకి చేరిందో నేను చెప్పను, కుటుంబ విషయం.

ఇక్కడే కుట్రకోణం బయటపడుతుంది. ఇదే అల్తాన్, ఇదే చేత్తో, పెద్దవాళ్ళ కోసం రాజకీయ కార్టూన్లు గీస్తాడు. అందులో చిప్పూతి అని ఒక కార్ఖానా కార్మికుడున్నాడు. యూనియన్ మీద నమ్మకం తగ్గింది, యజమాని మీద ఎప్పుడూ లేదు, అయినా రోజూ పనికొస్తాడు. కొన్ని కార్టూన్లలో సామాన్య పౌరుడికి వెనుక నుంచి ఒక గొడుగు దిగబడి ఉంటుంది, ఎక్కడ దిగబడిందో కుటుంబ పత్రికలో రాయలేను. “నేను ఒప్పుకోని అభిప్రాయాలు నా బుర్రలోకి వస్తున్నాయి” అంటాడు ఆయన పాత్ర ఒకటి. పెద్దలకి నమ్మదగ్గది ఏదీ లేదని పొద్దున గీసి, పిల్లలకి నమ్మరానిది ఏదీ లేదని సాయంత్రం గీసే మనిషిని ఏమనాలి? రెండు ప్రపంచాల మధ్య వంతెన ఎక్కడుందో, ఏ వయసులో పింపా పాఠకుడు చిప్పూతిగా మారతాడో ఆయన ఎక్కడా గీయలేదు. ఆ వంతెన కట్టే పని బళ్ళకీ ఆఫీసులకీ వదిలేశాడు. అవి బాగానే కట్టాయి.

యానిమేషన్ సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే అక్కడ నేరం కంటే సహకారం ఎక్కువ. 1983లో తొలి టీవీ సిరీస్ తీసిన ఓస్వాల్దో కవాందోలి అంతకుముందు ‘లా లీనెయా’ సృష్టించినవాడు. ఒకే ఒక్క గీతలోంచి పుట్టి, గీత తెగినప్పుడల్లా గీసిన చేతిని అర్థంకాని భాషలో బండబూతులు తిట్టినట్టు అరిచే మనిషి అది. 1969లో వంటపాత్రల ప్రకటనగా మొదలైంది. జీవితమంతా గీతతో గడిపినాయన చేతికి చుక్కలున్న కుక్కని ఇచ్చారు. జ్యామితిలో ఇది డిమోషన్ అని నా అభిప్రాయం. 1997లో ఎంజో దాలో రెండో సిరీస్ తీశాడు, ఆ తర్వాత కూడా తీశారు. ఇన్నిసార్లు తీసినా పేలుడు లేదు, ఛేజింగ్ లేదు, రెప్ప వేయకుండా చూడాలన్న టెన్షన్ లేదు. ఎపిసోడ్ అయిపోతే పిల్లలు లేచి ఆడుకోవడానికి వెళ్ళిపోయేలా తీస్తే, ఇవాళ ఈ పరిశ్రమ అన్నం ఎలా తింటుంది?

ఇక ఎదుగుదల లేకపోవడం. 1975లో పింపాని చూసి నవ్విన పిల్లలు ఇప్పుడు యాభై దాటారు. వాళ్ళలో కొందరికి చిప్పూతి నడుం నొప్పి వచ్చే ఉంటుంది. పింపా మాత్రం బడికి వెళ్ళలేదు, ఒక్క మచ్చ పెరగలేదు, అర్మాందో మీసం నెరవలేదు. పైగా ఇప్పుడు నగరాల గైడ్ పుస్తకాలు కూడా వేస్తున్నారు. రోమ్, వెనిస్ లాంటి ఊళ్ళు పిల్లలకి పింపా చూపిస్తుంది. రెండువేల ఏళ్ళ చరిత్రకి లైసెన్సు లేని గైడు.

అందుచేత ప్రతిపాదిత సంఘానికి నా సిఫార్సులు. అర్మాందోకి షోకాజ్ నోటీసు ఇచ్చి ఉద్యోగ ధ్రువపత్రం అడగాలి. సూర్యుడు పాత్రోచితమైన దూరం పాటించాలి. మాట్లాడే ఫర్నిచర్‌కి వేరే రిజిస్టరు పెట్టాలి. ప్రతి కథ చివరా రెండు వాక్యాల నీతి, మూడు ప్రశ్నలు, ఒక ఖాళీ పూరించుము తప్పనిసరి. సంఘంలో ఒక విద్యావేత్త, ఒక మనస్తత్వవేత్త, ఒక విశ్రాంత న్యాయమూర్తి, తల్లిదండ్రుల తరఫున ఒకరు ఉంటారు. కుక్క తరఫున వకీలు అవసరమా అన్నది తర్వాత తేలుస్తారు. తుది నిర్ణయానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉంటుంది. అభ్యంతరాలున్నవాళ్ళు తమ వాదనని స్పష్టమైన చేతిరాతతో, మూడు ప్రతులుగా, వచ్చే నెల సంచిక వెలువడేలోపు పంపాలి. ఇంకా అక్షరాలు రానివాళ్ళ అభిప్రాయాలు స్వీకరించబడవు.