కర్పూరం బిళ్లతో స్పితి ఎక్కలేం

మనాలిలో తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికల్లా హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో ఉన్న కాజా చేరిపోవచ్చని, దృఢంగా ఉన్నవారిని ఎత్తు ఏమీ చేయదని, ఆయాసం వస్తే కర్పూరం వాసన చూస్తే చాలని, అక్కడి తాబో బౌద్ధ మఠానికి అరగంట సరిపోతుందని చెప్పే సలహా యాత్రలకు వెళ్లే మనవాళ్లలో బాగా ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని బయలుదేరేవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కుంజుమ్ కనుమ తెరిచి ఉన్న నెలల్లో ఒక్కరోజులో కాజా చేరవచ్చునన్నది నిజమే. అయితే సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న మనాలిలో నిద్రలేచినవారు 4,500 మీటర్లు దాటిన కనుమ ఎక్కి దిగి, ఆ రాత్రే 3,600 మీటర్ల పైన పడుకుంటారు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది వైద్యుల సూత్రం. సిమ్లా, కల్పా, తాబోలలో రాత్రులు గడుపుతూ కిన్నౌర్ మీదుగా వెళ్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది. రోజులు ఎక్కువ పట్టినా అదే సరైన దారి.

దృఢంగా ఉన్నవారిని ఎత్తు ఏమీ చేయదన్న రెండో మాట అన్నిటికంటే ప్రమాదకరం. రోజూ వ్యాయామం చేసే పాతికేళ్ల యువకుడికైనా తలనొప్పి, వికారం, వాంతులు రావచ్చు. అవి తరచుగా చేరిన కొన్ని గంటలకు, అంటే రాత్రివేళ మొదలవుతాయి. ఒంట్లో సత్తువ ఉందన్న ధీమాతో వాటిని దాచిపెట్టి మరునాడు ఇంకా పైకి ఎక్కేవారే ఎక్కువగా ప్రాణాపాయంలో పడతారు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలుతున్నా, వెలుతురు వచ్చేదాకా ఆగకుండా కిందికి దించాలి.

ఇక కర్పూరం. ఆ ఎత్తులోనూ గాలిలో ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి, అందుకే ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ తగ్గుతుంది. కర్పూరం ఘాటుకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే తప్ప రక్తంలోకి చేరే ఆక్సిజన్ పెరగదు. ముందుజాగ్రత్తగా, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి తోడ్పడే ఎసిటజోలమైడ్ మాత్రలు వాడాలా వద్దా అన్నది బయలుదేరక ముందే వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి.

తాబోకు అరగంట చాలన్న మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. క్రీ.శ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గుగే రాజ్యపు రాజు యేషే ఓద్ కట్టించిన ఆ మట్టి ఆలయంలోకి ఎండలోంచి అడుగుపెడితే మొదట చీకటి తప్ప ఏమీ కనిపించదు. కళ్లు అలవాటు పడ్డాకే గోడల మధ్య ఎత్తులో పద్మాసనం వేసుకున్న మట్టి బోధిసత్వులు, వారి కింద జ్ఞానం కోసం గురువు నుంచి గురువుకు నడిచే సుధనుడనే బౌద్ధ గ్రంథపు యువకుడి చిత్రకథ ఒక్కొక్కటిగా తేలుతాయి. లోపల ఫోటోలు తీయనివ్వరు కాబట్టి నిలబడి చూడడమే మార్గం. కాలచక్రమనే తంత్ర బోధను బుద్ధుడు ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో, చేశాడని టిబెట్ సంప్రదాయం నమ్మిక. ఆ కాలచక్ర దీక్షనే దలైలామా తాబో వెయ్యేళ్ల సందర్భంగా 1996లో అక్కడ, 2006 జనవరిలో మన అమరావతిలో ఇచ్చారు.