గ్లూట్-4 గారికి ఒక పాత లస్కరు అర్జీ

కండరాల్లోకి చక్కెరను దించే తలుపు, మహారాజశ్రీ గ్లూట్-4 గారి దివ్య సముఖానికి,

కర్నూలు నుంచి, తమరు కాపురముంటున్న ఈ శరీరానికి అరవై నాలుగేళ్లుగా అన్నం పెడుతున్నవాడు వినయంగా రాసుకునే అర్జీ.

నిన్నటి రోజు మొత్తం తమరి పుణ్యాన ఒక రక్తపరీక్షల కేంద్రం మెట్ల మీద గడిచింది. పొద్దున పరగడుపున ఒకసారి గుచ్చారు. "అన్నం తిని రెండు గంటలకు రండి" అన్నారు. మే నెల ఎండలో ఇంటికి పోయి మళ్లీ రావడం నా వల్ల కాక, మా ఆవిడ కట్టిచ్చిన క్యారియరు ఆ మెట్ల మీదే విప్పాను. గుప్పెడన్నం, గోంగూర పప్పు, పలుచని మజ్జిగ. రెండో సూది వేళకే పడింది, కాగితమే రాలేదు. ప్రింటరులో ఇరుక్కుందట. దాన్ని లాగే కుర్రాడు భోజనానికి వెళ్లాడట. నాలుగున్నరకు చేతికొచ్చిన కాగితం మీద రక్తంలో చక్కెర 286 అని ఉంది. పక్కనే లావు అక్షరాలతో 'ఎక్కువ' అని కూడా వేశారు, నాకు అంకెలు రావేమోనని.

మూడు నెలలు, అయ్యా. మూడు నెలలుగా నా టీలో చక్కెర లేదు. ఉగాదికి భక్ష్యాలు రెండే తిన్నాను. (నాలుగు అని మా ఆవిడ అంటుంది. ఆమె లెక్కలు ఆమెవి.) బేనిషా మామిడిపండు ఇంట్లోకి వస్తే నేను వరండాలోకి వెళ్లాను. ఇంత చేస్తే, డాక్టరు ఆ కాగితాన్ని చూసి, నన్ను చూసి, "ఏం తిన్నారు?" అని అడిగాడు. కోళ్లగూటి దగ్గర దొరికినవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

ఇంటికి వచ్చి మంచం మీద ముడుచుకుని కూర్చుంటే మా మనవరాలు పుస్తకం పట్టుకొచ్చింది. ఇంటరులో బైపీసీ చదువుతోంది. "తాతా, నోటిని తర్వాత తిట్టుకో. ముందు తలుపు సంగతి చూడు" అని తమరి బొమ్మ గీసి చూపించింది. తమరి పేరు నేను వినడం అదే మొదలు.

తలుపుల సంగతి నాకు ఒకరు చెప్పాలా? ముప్పై ఒక్క ఏళ్లు కేసీ కెనాల్ మీద లస్కరుగా, అంటే షట్టర్లు ఎత్తి దించేవాడిగా, పనిచేసినవాణ్ణి. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కాలువ అది. షట్టరు మర ఎన్ని చుట్లు తిప్పితే ఎన్ని అంగుళాలు లేస్తుందో ఇప్పటికీ నిద్రలో చెప్పగలను. తూము అంటే ఏమిటో, తూము దగ్గర కూర్చునేవాడికి ఎంత పొగరు ఉంటుందో నాకంటే తెలిసినవాడు ఈ జిల్లాలో తక్కువ. అందుకే తమరి బొమ్మ చూడగానే నాకు అర్థమైంది. పోల్చుకున్నాను అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

కణం చుట్టూ ఉన్న పొర మొత్తం కొవ్వుతో కట్టిన కట్టేనట. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్రరక్తకణాల్లోని కొవ్వును తీసి నీళ్ల మీద ఒకే వరుసగా పరిచి చూస్తే, ఆ కణాల ఉపరితల వైశాల్యానికి రెట్టింపు వచ్చిందట. అంటే పొర రెండు వరుసలు. వెన్నపూసిన గోడ అనుకోండి. ప్రాణవాయువు దాని గుండా నేరుగా వెళ్లిపోతుంది. సారా కూడా ఎవరినీ అడగకుండానే దూరిపోతుంది, ఊళ్లోకి వచ్చినట్టే. చక్కెర మాత్రం నీళ్ల మనిషి, కొవ్వుతో దానికి పొత్తు కుదరదు. లోపలికి పోవాలంటే గోడలో దిగేసిన ప్రోటీన్ తలుపు తెరవాలి. కండరానికి, కొవ్వు కణానికి ఆ తలుపు తమరు. పొరలోకి పన్నెండుసార్లు అటూ ఇటూ దూరి కుట్టుకున్న దారం లాంటి నిర్మాణం, చూడటానికి బహు దర్జాగా ఉంది.

ఇక తమరి ఉద్యోగం చూద్దాం. చక్కెర బయట ఎక్కువ, లోపల తక్కువ. పల్లానికి పారే నీరు. తమరు మోయాల్సిన బరువు లేదు, ఖర్చు పెట్టాల్సిన శక్తి లేదు. బయటి వైపు నోరు తెరిచి చక్కెర రేణువును పట్టుకుని, లోపలి వైపు తెరిచి వదిలేయాలి. అంతే. అదే గోడలో తమరి పక్కనే ఉన్న సోడియం-పొటాషియం పంపును చూడండి. ప్రతి విడతకూ మూడు సోడియాలను బయటికి తోసి, రెండు పొటాషియాలను లోపలికి లాగుతుంది. అది ఎదురెక్కించే పని, నీళ్లను ఎత్తిపోసే మా హంద్రీ-నీవా మోటార్ల పని. దానికి ఏటీపీ అనే కరెంటు కావాలి. ఆ కరెంటును 1929లో కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. పంపు రాత్రీ పగలూ ఆ పని చేస్తూ ఏనాడూ గొంతు ఎత్తలేదు. నీళ్లకు వేరే తలుపులున్నాయి, ఆక్వాపోరిన్లు. ఒక్కొక్కటి సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులను దాటిస్తుందట. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ ఇచ్చారు. ఇచ్చి తీరాలి.

మరి తమరు? తమరు గోడలోనే ఉండరు! షట్టరు ఉండాల్సిన చోట షట్టరు లేదు. కణం లోపల చిన్న చిన్న బుడగల్లో ముసుగుతన్ని పడుకుంటారు. ఇన్సులిన్ గారు వచ్చి పొర బయట కబురు చెప్పాలి. ఆ కబురు లోపల చేతులు మారుతూ తమరి బుడగ దాకా పోవాలి. అప్పుడు బుడగ కదిలి వచ్చి పొరలో కలిసిపోతే, తమరు గోడలో నిలబడి తలుపు తెరుస్తారు. ఈ వైభోగాన్ని 1980లో రెండు బృందాలు వేరువేరుగా బయటపెట్టాయట. బాగా పట్టుకున్నారు. నాకు ఇంకా ముందే తెలిసి ఉండాల్సింది.

పోనీ, ఇన్సులిన్ తక్కువైందా అంటే అదీ కాదు. నా ఒంట్లో అది చాలినంత ఉందని, ఇంకా మాట్లాడితే కావలసినదానికంటే ఎక్కువే ఊరుతోందని డాక్టరే అన్నాడు. ఇండెంటు మీద ఇండెంటు, తలుపు ఎత్తమనే కబురు, వస్తోంది. పొర దాకా వచ్చి, బయట ముద్ర వేసి మరీ ఇస్తోంది. లోపలే ఫైలు కదలడం లేదు. కండరంలో పేరుకున్న కొవ్వు ఆ చేతులు మారే దారికి అడ్డం పడుతుందట. ఆ కొవ్వు నాదే, ఒప్పుకుంటాను. పదవీ విరమణ తర్వాత నేను కట్ట మీద నడిచింది లేదు. సరే. కానీ ఆ కొవ్వు పక్కన పడుకుని గురకపెడుతున్నది ఎవరు?

అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా తీసుకోవలసినది కండరం. అది ఆకలితో నీరసపడి ఉంది. నాకు సాయంత్రమయ్యేసరికి కాళ్లు లాగేది అందుకే. పక్కనే రక్తంలో 286 పారుతోంది. కాలువ గట్లు తెగేలా ఉంది, మడి నెర్రెలు బారింది.

ఇంతవరకూ తమరు, తమరు అంటూ రాశాను. ఇక నా వల్ల కాదు.

ఒరే, నీకు సిగ్గుందా?

పేగులో నీ దాయాదులను చూడు. అక్కడి తలుపులు సోడియం చేయి పట్టుకుని మరీ గ్లూకోజును ఆఖరి రేణువు దాకా లోపలికి లాగేస్తాయి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు విరేచనాలైన పిల్లాణ్ణి నిలబెట్టేది ఆ కిటుకుతోనే. నా విషయంలో ఆ ఆత్రమే కొంప ముంచింది. ఉగాదికి తిన్న రెండో భక్ష్యాన్నయినా (సరే, నాలుగోదాన్నయినా) వదిలేయొచ్చుగా! మూత్రపిండం కూడా అంతే విశ్వాసం. వడపోతలో జారిపోబోయిన చక్కెరను మళ్లీ ఏరి రక్తంలోకి పోస్తుంది. డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గాని దాని చేతి నుంచి జారదు. ఆ పైన అలుగు పారినట్టు మూత్రంలోకి పోతుంది. రాత్రి నాలుగుసార్లు నేను లేచి నడిచేది ఆ అలుగు కోసమే. ఇప్పుడు ఆ తలుపులను మూసే మాత్రలు కూడా వచ్చాయట. మంచిగా పనిచేసే తలుపును మూయించి, పనిచేయని నిన్ను బతిమాలాలి. కాలేయం మరీ దారుణం. రాత్రంతా నేను ఏమీ తినకపోయినా, తన దగ్గరున్నది తీసి రక్తంలోకి వదులుతూనే ఉంది, పొద్దున పరగడుపు అంకె 171. మెదడుకు మాత్రం ఏ బాధా లేదు. దాని తలుపులకు ఇన్సులిన్ కబురు అక్కర్లేదు, పెద్దసారు బంగళాకు వేరే కుళాయి ఉన్నట్టు. నీ మీద కోపం తెచ్చుకోవడానికి కావలసిన చక్కెర దానికి ఎప్పుడూ అందుతూనే ఉంది.

తెచ్చేవాళ్లు ఇంతమంది. దించుకోవలసినవాడివి నువ్వు ఒక్కడివి. నువ్వు పడుకున్నావు. తిట్లు నాకు పడ్డాయి.

ఒక ఏడు, ఇంకా జిల్లా రెండు ముక్కలు కాకముందు, చివరి ఆయకట్టు రైతు ఒకాయన అర్ధరాత్రి నా గుడిసె తలుపు కొట్టాడు. "అన్నా, కాలువ నిండుగా పోతోంది. నా మడి పొట్టమీద ఉంది. ఒక్క జానెడు ఎత్తన్నా" అన్నాడు. ఆర్డరు రాలేదన్నాను. రాలేదు నిజంగానే. ఆయన ఎదురు మాట్లాడలేదు. తెల్లారేదాకా కట్ట మీద బీడీ కాలుస్తూ, ముందు నుంచి పోతున్న నీళ్లను చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. నిన్న మెట్ల మీద ఆ కాగితం పట్టుకుని కూర్చున్నప్పుడు ఆయన గుర్తొచ్చాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. మనవరాలు బొమ్మ గీశాక అర్థమైంది.

కానీ అసలు మంట అది కాదు. అసలు మంట ఆ పిల్ల పుస్తకం మూస్తూ చెప్పిన మాట. "తాతా, గ్లూట్-4 ఇన్సులిన్ పిలిస్తేనే వస్తుందని కాదు. కండరం పనిచేస్తుంటే, ముడుచుకుని విప్పుకుంటుంటే, ఆ పిలుపుకూ వస్తుంది. అది వేరే దారి. ఆ దారి నీకు చెడలేదు."

అంటే నీకు రావడం చేతనవును! ఆర్డరు లేకుండా షట్టరు ఎత్తడం నీకు తెలుసు. కాళ్లు ఆడిస్తే చాలు, బుడగ దిగి గోడలో వచ్చి నిలబడతావు. డాక్టరు చివర్లో "తిన్నాక కాస్త నడవండి" అన్నది అందుకన్నమాట. బస్సులో చిల్లర చేతిలో పెట్టినట్టు అన్నాడు, నేనూ అలాగే తీసుకున్నాను. మూడు నెలలు చక్కెర లేని టీ తాగించి, మామిడిపండు ముందు నుంచి నన్ను వరండాకు తరిమింది ఎవరు? ముందే చెప్పడానికి నీకు నోరు లేదు సరే, తెలుసుకోవడానికి నాకు బుద్ధి లేకపోయిందా?

రాత్రి తిన్నాక కోపంతోనే బయలుదేరాను. కోపంతో నడిస్తే అడుగు బాగా పడుతుంది. కొండారెడ్డి బురుజు దాకా పోయి తిరిగి వచ్చాను, నలభై నిమిషాలు. బయలుదేరేముందు వేలు పొడిచి చూస్తే 243. వచ్చాక 191. మీటరు తప్పేమోనని రెండో వేలు కూడా పొడిచాను. 194. మా ఆవిడ రెండు అంకెలనూ క్యాలెండరు మీద రాసింది, పాలవాడి లెక్క పక్కన.

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నీ మీద కోపం సగం కూడా దిగలేదు. కానీ మంచం మీద పడుకుని పిక్కలు సలుపుతుంటే, ఆ సలుపు లోపల ఎక్కడో నువ్వు గోడలో నిలబడి ఉన్నావని అనిపించింది. నడక ఆపిన తర్వాత కూడా కొన్ని గంటలు ఉంటావట కదా. అర్ధరాత్రి దాటాక కూడా తలుపు దగ్గర ఉన్నవాణ్ణి పూర్తిగా తిట్టలేను. నేనూ ఆ పని చేసినవాణ్ణే.

ఆ రైతు సంగతి పూర్తిగా చెప్పలేదు నీకు. ఆయన రెండో రాత్రి కూడా వచ్చి కట్ట మీద కూర్చున్నాడు. మూడో రాత్రి నేను లేచి మర తిప్పాను. జానెడు. తెల్లారేలోపు దించేశాను. అయినా పైకి తెలిసిపోయింది, మెమో వచ్చింది. ఆ మెమో ఇప్పటికీ పెట్టెలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో నేను దాచుకున్న కాగితం అదొక్కటే.

ఈ రాత్రి సంగటి ముద్ద సగానికి తగ్గించారు. తిన్న వెంటనే కాలువ కట్ట మీదకు వస్తాను. నువ్వూ పైకి రా. ఇండెంటు కోసం చూడకు. మెమో వస్తే నేను చూసుకుంటాను.

ఇట్లు,
పాత లస్కరు