చచ్చిన ఆవు తరఫున, నిబంధన గారికి

కళేబరాల నిబంధన గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని రాయడానికి లేదు. మీరు కుశలమే, లామినేషన్ చేయించుకుని బీరువా పై అరలో ఉన్నారు కాబట్టి వరద మిమ్మల్ని తడపలేదు. మా ఆవు మాత్రం పోయింది. నీళ్లు తీశాక కంచెకు చిక్కుకుని దొరికింది.

వెంటనే మిమ్మల్ని తీసి చదివాం. పశువును పూడ్చే గొయ్యి బావికి దూరంగా ఉండాలి. వాగుకు దూరంగా, ఇళ్లకు దూరంగా, దారికి దూరంగా. గొయ్యి అడుగుకీ భూగర్భ జలానికీ మధ్య కూడా దూరమే. అన్ని దూరాలూ కొలుచుకుంటూ పోతే చివరికి మిగిలిన పొడి చోటు మీ బీరువా ఒక్కటే. పార వేస్తే రెండడుగుల్లోనే నీళ్లు ఊరుతున్నాయి. తవ్వే యంత్రం రావాలంటే ముందు రోడ్డుండాలి. ఆ మాట మీలో ఎక్కడా లేదు.

ఇంకో సందేహం. పూడ్చే ముందు పొట్టకు గాటు పెట్టి గ్యాస్ పోనివ్వమంటారు. రెండు పేజీలు తిప్పితే, ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక అంటుజబ్బు అనుమానముంటే కత్తే తాకించొద్దంటారు. రెండూ సరైనవే. ఆ జబ్బుతో పోయిన పశువును కోస్తే సూక్ష్మజీవికి గాలి తగిలి స్పోర్లుగా, అంటే గట్టి పెంకున్న విత్తనాల్లాంటి రూపంలోకి, మారుతుంది, మట్టిలో దశాబ్దాల పాటు పడి ఉంటుంది. మరి ఏ జబ్బో తేల్చాల్సిన డాక్టరు గారేమో వాగు అవతలి గట్టున ఉన్నారు. ఈలోగా ఆవు పొట్ట డప్పులా బిగుసుకుంది.

ఆ గ్యాస్ తక్కువదేం కాదు. 2020లో డెన్మార్క్‌లో కరోనా భయంతో బొచ్చు కోసం పెంచే మింకులనే చిన్న జంతువులను కోటిన్నరకు పైగా చంపించారు. లక్షల కొద్దీ ఇసుక నేలలో పూడిస్తే, గ్యాస్ పుట్టి కళేబరాలు మళ్లీ పైకి తేలాయి. మరుసటి ఏడాది వాటిని తవ్వి తీసి కాల్చాల్సి వచ్చింది. అసలు అన్నిటినీ చంపమనడానికి చట్టమే లేదని మధ్యలో బయటపడి, వ్యవసాయ మంత్రి రాజీనామా కూడా చేశారు. అంత ప్రభుత్వానికే లొంగని గొయ్యి, నా పారకు లొంగుతుందా?

కాల్చుదామంటే కట్టెలు తడిశాయి. కంపోస్టు చేద్దామంటే రంపపు పొట్టు మందంగా పరిచి, పైన కప్పి, లోపల వేడి 55 డిగ్రీలు దాటిందో లేదో థర్మామీటర్‌తో చూడాలట. పొట్టు కూడా ఆవుతో పాటే కొట్టుకుపోయింది. (నిజం చెప్పాలంటే నాకు ఈ పద్ధతే నచ్చింది. ముందే తెలిసుంటే అటక మీద దాచేవాణ్ణి.)

మీ మీద కోపమేం లేదు. ఆ బావి నీళ్లు తాగేది మేమే. కాకపోతే ఎండాకాలంలో, నేల గట్టిగా ఉన్నప్పుడు ఒకసారి వచ్చి, "పశువు పోతే ఇదిగో, ఇక్కడ" అని ఒక కర్ర పాతి వెళ్లాల్సింది. మీరెప్పుడూ చావు తర్వాతే వస్తారు, అదీ రెండు కాపీల్లో.

రెండో కాపీ వెనక వైపు ఖాళీగా ఉంటే దాని మీదే ఇది రాస్తున్నాను. జవాబు కాస్త తొందరగా ఇవ్వండి. గాలి ఇటు తిరిగింది.

ఇట్లు,
ఒక చేత్తో ముక్కు మూసుకుని,
ఆవు యజమాని