వేళ్ళు లెక్కపెడితే నిజం తేలదు

కాలనీ అసోసియేషన్ల దగ్గర్నుంచి కాలేజీ బ్యాచ్‌ల దాకా, విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఫోటోలు మార్చడం ఏఐ వచ్చాక మొదలైన గొడవ. అంతకుముందు ఫోటో అంటే సాక్ష్యమే. ఇప్పుడైనా భయం అక్కర్లేదు, జూమ్ చేసి వేళ్ళు లెక్కపెడితే నకిలీ దొరికిపోతుంది. పేపర్లోనో టీవీలోనో వచ్చిందైతే ఆ అనుమానం కూడా వద్దు. అయినా ఒక ఫోటో వల్ల ఎవరికి ఏం నష్టం?" జనానికి ధైర్యం చెబుదామనే రాసి ఉంటారు. కానీ ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు. నమ్మినవాళ్ళు దెబ్బతింటారు కాబట్టి ఒక్కొక్క మాటకీ జవాబు చెప్పాలి.

"ఏఐ వచ్చాకే" అన్నది శుద్ధ తప్పు. ఒక ఫోటోలో సోవియట్ నేత స్టాలిన్ పక్కన కాలవ గట్టు మీద నిలబడ్డ రహస్య పోలీసుల అధిపతి నికొలాయ్ యెజోవ్‌ని 1940లో కాల్చి చంపారు. తర్వాత ఆ ఫోటోలోంచి కూడా అతన్ని తీసేసి, అతనున్న చోట కాలవ నీళ్ళు కనబడేలా దిద్దారు. అదంతా చేతిపనే. 1982 ఫిబ్రవరి సంచిక అట్ట మీద పట్టడం కోసం నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక గిజా పిరమిడ్లనే దగ్గరికి జరిపింది. 1994లో అమెరికాలో పేరున్న మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ హత్య కేసులో అరెస్టైనప్పుడు పోలీసులు తీసిన ఫోటోని టైమ్ పత్రిక బాగా నల్లగా చేసి అట్ట మీద వేసింది. అదే ఫోటోని న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేయడంతో తేడా అందరి కంటా పడింది.

అంతెందుకు, మన ఇళ్ళలోనే చూడండి. పాత స్టూడియోల్లో నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు కనబడకుండా టచింగ్ చేసేవారు. తాతగారి మొహం ఒక పెళ్ళి గ్రూప్ ఫోటోలోంచి, నాయనమ్మ మొహం ఇంకో ఫోటోలోంచి తీసి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, చీరకి రంగు అద్ది, బొట్టు దిద్ది, ఫ్రేమ్ కట్టించి ఇచ్చేవారు. బతికుండగా ఆ దంపతులు కలిసి ఒక్క ఫోటో కూడా దిగి ఉండరు. దండ వేసి ఉన్న ఆ ఫోటోని నేను తప్పుపట్టను. అది ఎలా తయారైందో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవర్నీ మోసం చేయలేదు. చేసిన మార్పుని దాచిపెట్టి చూపించినప్పుడే అది మోసం అవుతుంది.

ఇక వేళ్ళ సంగతి. ఆరు వేళ్ళు, వంకర పళ్ళు అన్నవి తొలినాటి ఏఐ బొమ్మల లోపాలు. ఆ లోపాలు చాలా త్వరగా సరిదిద్దుకుపోతున్నాయి. 2022లో సోఫీ నైటింగేల్, హానీ ఫరీద్ అనే పరిశోధకులు అసలు మొహాలనీ కంప్యూటర్ పుట్టించిన మొహాలనీ కలిపి జనానికి చూపించి, ఏది ఏదో చెప్పమన్నారు. సరిగ్గా చెప్పింది 48 శాతమే. బొమ్మా బొరుసా వేసి చెప్పినా దాదాపు అంతే వస్తుంది. ఎలా గుర్తుపట్టాలో కాస్త నేర్పించాక కూడా 59 శాతం దాటలేదు. పైగా నకిలీ మొహాలే ఎక్కువ నమ్మకంగా ఉన్నాయన్నారు.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేవి ఎవరూ ఏమీ మార్చని ఫోటోలు. వాటిలో వేళ్ళు అయిదే ఉంటాయి, నీడలు సరిగ్గానే పడతాయి. కింద రాసిన ఊరూ తేదీ మాత్రం అబద్ధం. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ ఫోటోలు, కూలిన చెట్లూ పైకప్పు లేచిపోయిన ఎయిర్‌పోర్టూ, "ఇప్పుడే, బీచ్ రోడ్" అంటూ ఫోన్లలోకి వచ్చేస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు అవి చూసి టెన్షన్ పడి అమ్మానాన్నలకి ఫోన్లు చేస్తారు. ఎంత జూమ్ చేసినా ఆ అబద్ధం కనబడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోకి, అది ఎప్పుడు ఎక్కడ తీశారో చెప్పే లోపలి సమాచారం కూడా చెరిగిపోతుంది. గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే ఫోటో ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందా అని చూడటం జూమ్ చేయడం కన్నా ఎంతో మేలు. అర నిమిషం పని.

"పేపర్లో వస్తే నిజమే" అనే మాటకి రెండు ప్రభుత్వ ఉదాహరణలు చాలు. 2015 డిసెంబరులో చెన్నై వరదల మీద ప్రధాని విమానంలోంచి చూస్తున్న ఫోటోలో, కిటికీలో వేరే దృశ్యం అతికించి కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగమే విడుదల చేసి, తర్వాత తీసేసింది. 2017లో కేంద్ర హోంశాఖ వార్షిక నివేదికలో మన సరిహద్దు దీపాలంటూ అచ్చయిన ఫోటో స్పెయిన్, మొరాకో సరిహద్దుది. అధికారిక ముద్ర ఉన్నంత మాత్రాన సరిచూడనక్కర్లేదు అనుకోకూడదు.

కెమెరా లెన్స్ కూడా అభిప్రాయాన్ని మార్చేస్తుంది. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర నిలబడి, దూరాన్ని దగ్గర చేసే పొడుగు లెన్స్‌తో సబ్‌మెరైన్ మ్యూజియం వైపు తీయండి. అరకిలోమీటరు పొడవునా చెదురుగా నడుస్తున్నవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు కనిపిస్తారు. అదే నిమిషంలో పైనుంచి డ్రోన్‌తో తీస్తే మనుషుల మధ్య ఇసకే ఎక్కువ కనిపిస్తుంది. రెండూ నిజమైన ఫోటోలే. "జనసంద్రం" అని రాయాలనుకున్నవాళ్ళు మొదటిది వేస్తారు, "వెలవెలబోయిన సభ" అని రాయాలనుకున్నవాళ్ళు రెండోది వేస్తారు.

2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి. ఒక యూట్యూబర్‌ని పోలీసులు విచారణకి తీసుకెళ్ళగానే అతని ఫోటో పక్కన మంటల ఫోటో పెట్టి థంబ్‌నెయిళ్ళు వచ్చేశాయి. ఆ తర్వాత పోలీసులు వేరే ఇద్దరిని అరెస్టు చేసి, వల మీద పడిన సిగరెట్ వల్లే మంటలు లేచాయని చెప్పారు. మొహం ఫోటో, మంటల ఫోటో, రెండూ అసలువే. వాటిని పక్కపక్కన పెట్టడంతోనే తీర్పు చెప్పేసినట్టయింది. ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం.

"ఎవరికి ఏం నష్టం?" అన్నదే నేను అస్సలు ఒప్పుకోలేని మాట. 2002లో జరిగిన ఒక ప్రయోగంలో, 20 మందికి వాళ్ళ చిన్ననాటి ఫోటోని బెలూన్ ప్రయాణం బొమ్మలో అతికించి చూపించారు. వాళ్ళు ఎప్పుడూ బెలూన్ ఎక్కలేదు. అయినా కొన్నాళ్ళకి సగం మంది ఆ ప్రయాణం ఎంతో కొంత గుర్తుందన్నారు. మన సొంత జ్ఞాపకాన్నే మార్చగలిగిన ఫోటోకి, ముక్కూ మొహం తెలియని మనిషి మీద మన అభిప్రాయం మార్చడం ఎంత పని? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ సిరియాలో 2013 నాటి రసాయన దాడిలో చనిపోయిన పిల్లల ఫోటోని మన దేశంలో తిప్పారు. ఇలాంటి ప్రచారాలు నమ్మి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి అయిదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెడుతున్నట్టు ప్రకటించింది.

డబ్బు నష్టం సంగతీ ఉంది. ఆనందపురం, భోగాపురం వైపు వెంచర్ల బ్రోచర్లు తెరిస్తే ప్లాట్ల వెనకే నీలి సముద్రం ఉంటుంది. వెళ్ళి చూస్తే జీడితోట, దాని వెనక ఇంకో వెంచర్. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్ళు పరిహారం అడగవచ్చని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఆ బ్రోచర్ పారేయకుండా దాచుకోండి.

అన్నిటికన్నా ఘోరం ఆడపిల్లల ఫోటోల మార్ఫింగ్. లోన్ యాప్ ఏజెంట్లు ఇంట్లోవాళ్ళ ఫోటోలు మార్చి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ పంపడం, ఆ అవమానం తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. అలాంటి ఫోటో వచ్చినప్పుడు "ఇది నువ్వేనా?" అని ఆ పిల్లని అడగకండి. తప్పు ఆమెది కాదని ముందు చెప్పండి. డబ్బు పంపకండి. భయంతో చాట్ డిలీట్ చేయకండి, వచ్చిన నంబరుతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఆ ఫోటో మీ గ్రూపులోకి వస్తే, "ఇది నిజమా?" అని అడగడానికి కూడా ఇంకొకరికి పంపకండి.