నాలుగు వందల ఏళ్ల ముప్పు, ఎపిసోడంతా నీరసం

సైన్స్ ఫిక్షన్ సిరీస్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ చప్పగా ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2024 మార్చి 21న ఎనిమిది ఎపిసోడ్లనూ ఒకేసారి వదిలేసింది కాబట్టి, తెల్లవార్లూ కూర్చుని చూసినవాళ్లు ఆ ఊపులో దీన్నీ మింగేశారు. తర్వాతి సీజన్లు ఖరారయ్యాక మళ్లీ మొదటి నుంచి చూస్తున్నవాళ్ల దగ్గర మాత్రం దొరికిపోతోంది. అయిదో ఎపిసోడ్‌లో పనామా కాలువకు అడ్డంగా కంటికి ఆనని నానో దారాలు కట్టి, ఓడంత ఓడను పొరలు పొరలుగా కోసేసిన సిరీస్ ఇది. ఎనిమిదో దానికి వచ్చేసరికి మనుషుల్ని తలో మూలా కూర్చోబెట్టి దిగులుపడమంది.

కథ రెండు ముక్కల్లో చెప్పుకుందాం. శాన్-టీలనే గ్రహాంతరవాసులు భూమి మీదకు బయల్దేరారు, 400 ఏళ్లకు దిగుతారు, ఈలోగా సోఫాన్లనే కంటికి కనబడని గూఢచారి కణాలతో మన ప్రతి మాటా వింటుంటారు. వాళ్లను ఎదుర్కోవడానికి ఈ ఎపిసోడ్‌లో రెండు పథకాలున్నాయి. ఒకటి స్టెయిర్‌కేస్. అంతరిక్షంలో దారి పొడవునా 300 అణుబాంబులు పేర్చి, ఒక్కోటీ పేలినప్పుడల్లా ఒక తెరచాప వేగం పుంజుకునేలా చేయాలి. శాన్-టీల వైపు పంపే ఆ చాపకు కట్టిన పెట్టెలో, క్యాన్సర్‌తో చావుకి దగ్గరైన విల్ డౌనింగ్ మెదడు. ఊహ అంటే ఇలా ఉండాలి! తీరా జరిగిందేమిటి? తాడొకటి తెగింది, పెట్టె దారి తప్పింది, అంతే సంగతులు. రెండోది వాల్‌ఫేసర్లు. మనసులో ఉన్నది సోఫాన్లకు తెలియదు కనుక ముగ్గురిని ఎంచి, పథకాన్ని బుర్రలోనే దాచుకోమన్నారు. సాల్ డ్యూరాండ్ అనే భౌతికశాస్త్రవేత్తని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లి నువ్వే అన్నారు, అతను నావల్ల కాదన్నాడు, బయటికొస్తే తుపాకీ పేలింది, బతికాడు. చివర్లో చిత్తడి నేలకు తీసుకెళ్లి, శాన్-టీలు మనల్ని పురుగులన్నారు గానీ, మనిషి ఇన్నాళ్లైనా ఈ పురుగుల్ని ఓడించలేకపోయాడు కదా అని ధైర్యం చెప్పారు. ఏటా దోమపోటుకు మందు కొట్టే డెల్టా రైతుకు ఆ సంగతి తెలియడానికి అంత దూరం పోనక్కర్లేదు లెండి.

ఈ నీరసానికి బడ్జెట్ కారణం కాదు, నటులు అసలే కాదు. ముప్పు వస్తోందని తెలిశాక ఎదురుచూడటంలో ఎంత పని ఉంటుందో రాసినవాళ్లకు తెలియలేదు. ఎదురుచూడటమంటే మొహం దిగేసుకుని కూర్చోవడం అనుకున్నారు.

తెలుసుకోవాలంటే జులైలోనో ఆగస్టులోనో కోనసీమ లంకల్లో రెండు రోజులుంటే చాలు. గోదావరి వరద ముప్పు ముందు ఎగువన భద్రాచలంలో కనబడుతుంది. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. లంకలో మనిషి రాముణ్ణి చూడ్డానికి ఎప్పుడైనా వెళ్లాడో లేదో గానీ, వరద రోజుల్లో అక్కడి అంకె మాత్రం గంటగంటకీ కావాలి. ఆ నీరు కిందికి రావడానికి ఒక పూటో, ఒక రోజో పడుతుంది. తర్వాత ధవళేశ్వరం బ్యారేజీ లెక్క: 11.75 అడుగులైతే పది లక్షల క్యూసెక్కులు, 13.75 అయితే పదమూడు, 17.75 అయితే పదిహేడు. వస్తుందని తెలుసు, ఎంతొస్తుందో తెలుసు, ఎప్పుడొస్తుందో తెలుసు. శాన్-టీల కథ సరిగ్గా ఇదే, గడువొక్కటే తేడా.

ఆ ఒక్క రోజులో ఎంత కథ ఉందో చూడండి. పశువుల్ని గట్టెక్కించాలి. పడవ ఒకటే అయితే రేపోమాపో ఈనబోయే గేదె ముందా, మంచంలో ఉన్న ముసలమ్మ ముందా? బియ్యం, పొలం కాగితాలు అటకెక్కాలి. అరటి గెలలు ఇంకా ముదరలేదు. ఇప్పుడే కొట్టేసి వచ్చిన రేటుకి ఇచ్చేయాలా, దేవుడి మీద భారం వేసి వదిలేయాలా? కనకాయలంక కాజ్‌వే మునిగిందా అని ఫోన్ల మీద ఫోన్లు. నీటి అంచున ఒకడు పుల్ల పాతి, టీ తాగొచ్చి మళ్లీ చూస్తాడు. పుల్ల మునిగిపోయినా అక్కడ ఎవరూ ఏడవరు, లేచి మిగిలిన పని చూసుకుంటారు. ఏడుపంతా తర్వాత, ఏరు తీశాక, ఇంట్లో బురద ఎత్తేటప్పుడు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసిన తరం ఇంకా ఊళ్లలో ఉంది. 2022 జులైలో భద్రాచలం అంకె అరవై దాటి, డెబ్బై దాటి ఎగబాకుతుంటే అరుగుల మీద ప్రశ్న ఒక్కటే: ఎనభయ్యారుని మించుతుందా? 71.3 దగ్గర ఆగింది. ఆ అంకె ఆగేదాకా బిగబట్టిన ఊపిరికి నేపథ్య సంగీతం ఎవరూ వాయించలేదు.

స్టెయిర్‌కేస్‌కి ఇదంతా దక్కాల్సింది. దేశాల చేత 300 బాంబులు ఇప్పించడమే ఒక ఎపిసోడ్. ఆ తాడు బలం చూసిన ఇంజినీరు ఎవరు, ఇది ఆగదేమోనని ఎవరైనా నసిగారా, ఆ నసుగుడు ఎవరి బల్ల మీద ఆగిపోయింది? తెగినప్పుడు మన గుండె కూడా జారాలంటే, ఆ తాడు అంతకుముందు ఒకసారి మన చేతుల్లోంచి వెళ్లుండాలి.

ఓడ దృశ్యం తర్వాత కథ కాస్త ఊపిరి పీల్చుకోవద్దా, బంధాలు లేని విజ్ఞానం ఎవరిక్కావాలి అనేవాళ్లున్నారు. విల్ ప్రేమకథకి కళ్లు తడుచుకున్నవాళ్లనూ కాదనను. కానీ మనిషి గుణం పనిలోనే బయటపడుతుంది, అందుకు సాక్ష్యం ఈ ఎపిసోడ్‌లోనే ఉంది. ఆగీ సలాజార్ మెక్సికోలో తన నానో దారాలతో మురికినీటిని వడకట్టి జనానికి తాగునీరు ఇస్తుంటుంది. ఆమె ఎవరో, పనామాలో జరిగినదానికి ఎంత కుమిలిపోయిందో ఆ పని చెప్పినట్టు ఏ డైలాగూ చెప్పలేదు. బోరు వేస్తే ఉప్పునీరు పడే తీరం వాళ్లకు ఆ దృశ్యం మరీ పడుతుంది. దానికి ఇచ్చింది కొద్ది నిమిషాలు.

సరే, వాళ్లకి గోదావరి తెలియదు, తప్పు పట్టలేం. మనవాళ్ల సంగతేంటి? నా అసలు కడుపుమంట ఇదే. దశాబ్దాలుగా కెమెరా కోనసీమకు వస్తూనే ఉంది. కొబ్బరిచెట్లు, పడవ, లంగా ఓణీ, పులస పులుసు, ‘ఆయ్’ అంటూ నాలుగు మాటలు పట్టుకుని వెళ్లిపోతోంది. ఈ పచ్చదనం దానంతటదే మొలిచిందన్నట్టు! 1830ల్లో కరువుకి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన నేల ఇది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ ఆనకట్ట లేపితే గానీ ఈ రంగు రాలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నదిని నిలబెట్టారు. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. ఆ గేట్లు ఎత్తడం, దించడం మీదే సముద్రం దాకా ప్రతి కాలువ, ప్రతి బోదె, ప్రతి మురుగు కాలువ బతుకుతున్నాయి. మొత్తం డెల్టా మనుషులు రోజూ నడిపితే నడిచే యంత్రం. ఆ యంత్రం కింద నేల కుంగుతోంది, ఎందుకంటే ఎగువన కట్టిన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది. అంతర్వేది దగ్గర సముద్రం ముందుకొస్తోంది. ఇంత సరుకున్న చోట మన రచయితలకు కనబడింది పెళ్లిపందిరి.

గ్రాఫిక్స్‌కు డబ్బెక్కడిదని ఒక సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. డబ్బెందుకు? 2090, ధవళేశ్వరంలో ఒక కంట్రోల్ రూమ్, ఒక రాత్రి. భద్రాచలం 80 అడుగులు దాటింది. అటు సముద్రం పోటు మీదుంది, నీటిని లోపలికి రానివ్వడం లేదు. గౌతమి పాయలోకి ఎంత, వశిష్ఠ పాయలోకి ఎంత వదలాలో తేల్చాల్సిన ఇంజినీరు అమ్మ ఉండేది వశిష్ఠ ఒడ్డు లంకలో. గ్రహాంతరవాసులు అక్కర్లేదు, పేలే బాంబులు అక్కర్లేదు. నాలుగు గోడలు, ఒక ఫోను, బోర్డు మీద మారుతుండే అంకె చాలు. రాయగలవాళ్లు అమలాపురంలోనూ ఉన్నారు, నర్సాపురంలోనూ ఉన్నారు. ఏ ఓటీటీ అయినా ముందుకొస్తే మా వైపు నుంచి షరతు ఒక్కటే: పడవ మీద పాట పెట్టకూడదు.