సాక్ష్యం ఇప్పుడే చెప్పను, దయచేసి అడగొద్దు

రాత్రి కూటం నుంచి వచ్చాక నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నా. మా సంఘం వాళ్లు చదువుతారని తెలిసే రాస్తున్నా.

మా కాశీబుగ్గలో ఉజ్జీవ కూటాలు జరుగుతున్నాయి. నిన్న వచ్చిన దైవసేవకులకు మావాడి సంగతి ఎవరు చెప్పారో గానీ, మైకులో పిలిచేశారు. "ప్రభువు క్యాన్సర్‌ని తీసేశాడు, ఆ తల్లి వచ్చి సాక్ష్యం చెబుతుంది" అని. నేను లేవలేదు. రెండోసారి పిలిచారు. పక్కన కూర్చున్న అక్క మోచేత్తో పొడిచింది. అయినా లేవలేదు. ఆ తర్వాత ప్రసంగమంతా, యేసు తిరిగి లేచాడంటే కళ్లతో చూస్తేగానీ నమ్మనన్న తోమా అవిశ్వాసం గురించే, ఎవరికి తగలాలో వాళ్లకి తగిలింది.

ఎందుకు లేవలేదో చెబుతా. మావాడికి 7 ఏళ్లు. రక్త క్యాన్సర్, డాక్టర్లు ఏఎల్ఎల్ అంటారు, పిల్లలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అదే. మొదటి నెల కీమో అయ్యాక ఎముక మూలుగ తీసి పరీక్ష చేసి "రెమిషన్" అన్నారు. ఆ మాట వినగానే విశాఖ అగనంపూడి క్యాన్సర్ ఆస్పత్రి వరండాలోనే మోకాళ్ల మీద కూలబడ్డాను. డాక్టరమ్మ నన్ను లేపి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. మైక్రోస్కోపులో చెడ్డ కణాలు నూటికి 5 కంటే తక్కువ ఉంటే ఆ మాట అంటారట, కంటికి కనపడకుండా దాక్కున్నవి ఇంకా ఉంటాయట, ఇక్కడితో ఆపేస్తే తిరగబెడుతుందట, అప్పుడు మొదటిసారి లొంగినట్టు లొంగదట. మొత్తం రెండు, రెండున్నరేళ్ల వైద్యం. మాకింకా 14 నెలలుంది.

ఇప్పుడు చెప్పండి. "స్వస్థత అయిపోయింది" అని అంతమంది ముందు చెప్పి, ఇంటికొచ్చి వాడి నోట్లో మాత్ర ఎలా వెయ్యను? "బాగైపోయాడు కదమ్మా, ఇంకా మందులెందుకు" అంటారు. అంటారేంటి, అన్నారు కూడా. స్టెరాయిడ్ వాడిన రోజుల్లో వాడి మొహం గుమ్మడికాయలా ఉబ్బింది, రాత్రి 2 గంటలకు లేచి ఆవకాయ అన్నం కావాలని ఏడ్చేవాడు. అది చూసి "బుగ్గలొచ్చాయి, దేవుని కృప" అన్నారు. ఆ మందు ఆపాక బుగ్గలు పోతే, "ఓలమ్మా, గుంటడు సిక్కిపోనాడేటి, పార్దన తగ్గించేసినారేటి" అన్నదీ ఆ నోళ్లే.

మనది ఉద్దానం. కిడ్నీ జబ్బు గురించి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. డయాలసిస్‌కి వెళ్లే మనిషిని "విశ్వాసముంటే ఈ వారం మానెయ్" అని ఎవరైనా అంటారా? మన పాస్టరుగారే ఆటో మాట్లాడి పంపిస్తారు. ఎందుకంటే అది మానేస్తే ఏమవుతుందో నాలుగు రోజుల్లో కళ్లకి కనబడుతుంది. మావాడి మాత్రలు మానేస్తే నెలల తరబడి పైకి ఏమీ కనబడకపోవచ్చు, హాయిగా ఆడుకుంటాడు. ఆ ధైర్యంతోనే మనవాళ్లు ఉచిత సలహాలిస్తారు.

బైబిలు నేనూ చదువుతాను. హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. ఆ ముద్ద కట్టించుకున్నందుకు రాజుని అవిశ్వాసి అన్నవాళ్లు లేరు. మావాడి సగం మాత్ర దగ్గరికొచ్చేసరికే ఎందుకీ గొడవ?

"తల్లిదండ్రుల పాపమేమో" అన్నవాళ్లకి యోహాను 9వ అధ్యాయం చాలు, పుట్టుగుడ్డివాడి విషయంలో వాడూ పాపం చెయ్యలేదు, వాడి తల్లిదండ్రులూ చెయ్యలేదు అని యేసే అన్నాడు, నేను చెప్పేదేం లేదు. "మతం మారినందుకే ఇలా అయింది" అన్న మా ఆయన తరఫు చుట్టాలదీ అదే లెక్క. మా అత్త మాత్రం పాతపట్నం నీలమణి దుర్గమ్మకి మొక్కుకుంది. ఆమెతో నేను వాదించలేదు, మనవడి కోసం ఆమె ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు.

నా విశ్వాసం పోయిందా అంటే పోలేదు. గట్టిగా ఉందా అంటే రోజుకో రకంగా ఉంది. దువ్వాడ ప్లాట్‌ఫారం మీద వాడు నా ఒళ్లో వాంతి చేసుకుని పడుకున్న రోజు 88వ కీర్తన చదివాను. అది రాత్రి పెట్టే మొరతో మొదలై చీకటితో ముగుస్తుంది, చివర్లో హల్లెలూయ కూడా ఉండదు. జనవరి 1న గుడిలో తీసే వాగ్దానం కార్డుల్లో ఆ కీర్తన ఎప్పుడైనా వచ్చిందా మీకు? ఆ రోజు నన్ను నిలబెట్టింది మాత్రం అదే.

ఇంకోటి కూడా చెప్పాలి. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు మన యూత్ పిల్లలు ముగ్గురు తెల్లారగట్ల రైలెక్కి వచ్చి ఇచ్చారు. బ్లడ్ బ్యాంకులో అవి 5 రోజులకి మించి నిలవుండవు, మనుషులు రావాల్సిందే. ఆ ముగ్గురినీ ఎవరూ స్టేజీ ఎక్కించలేదు. నేను చెప్పే సాక్ష్యం ఏదైనా ఉందంటే ప్రస్తుతానికి వాళ్లదే. ఆరోగ్యశ్రీ కార్డు (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, మా నోటికి పాత పేరే వస్తుంది) కూడా దేవుని కృపే అంటే ఒకాయన నవ్వాడు, "అది గవర్నమెంటు స్కీము కదమ్మా" అని. నవ్వుకోనీయండి.

రక్తంలో కణాల కౌంటు బాగున్న ఆదివారం మేం గుడికొస్తాం, కిటికీ పక్కన చివర్లో కూర్చుంటాం. దగ్గుతూ వచ్చి వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించకండి, దూరం నుంచి చేసినా దేవుడికి వినబడుతుంది. వాడికి జ్వరం 100.4 దాటిందంటే ఎంత రాత్రైనా మేం ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

సంఘం ఇచ్చిన క్యాలెండర్ వంటగదిలో వేలాడుతోంది. పైన వాక్యం, కింద ప్రతి శనివారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, అది వారానికోసారి వేసే మాత్ర రోజు. వచ్చే మంగళవారం నడుంలో సూది. రాత్రి పడుకునే ముందు మావాడి ప్రార్థన ఇది: "ప్రభువా, ఈసారి సూది ఒక్క పోటుకే పడాలి. తర్వాత అమ్మ ఇడ్లీ కొనిపెట్టాలి. ఆమేన్." నేనూ ఆమేన్ అన్నాను. రెండోది నా చేతిలో పనే.