గులాబీ టవరా, ఆయమ్మ ఒడా?

హనుమకొండలో ప్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు చూస్తారు. సంబంధం కుదుర్చుకునేవాళ్లు ఇంటిపేరు, గోత్రం చూస్తారు. రెండున్నరేళ్ల పిల్లాణ్ని ఎక్కడ వేయాలో తేల్చుకునేవాళ్లు మాత్రం సాక్షాత్తు వేదాంతంలోకి దిగుతున్నారు. మాంటిస్సోరియా, మామూలు డేకేరా? సుబేదారి నుంచి కాజీపేట దాకా ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగినా ఏ ఫ్లాటు వాళ్లు ఏ మతమో చెప్తాడు. శైవ వైష్ణవ వాదాల తర్వాత ఓరుగల్లులో ఇంత పట్టుదల మళ్లీ ఇప్పుడే కనపడుతోంది.

ఈ వ్యాసకర్త ఏ పక్షమూ కాదు. దేశ భవిష్యత్తుకు సంబంధించిన విషయం కాబట్టి గంభీరంగా పరిశీలించడం మాత్రమే నా పని.

ముందు మాంటిస్సోరి పక్షం. అక్కడ అలమరాలు పిల్లల ఎత్తులోనే ఉంటాయి. టీచర్‌ను గైడ్ అంటారు. గులాబీ టవర్ అని ఒకటుంటుంది: సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది చెక్క దిమ్మెలు, పెద్దది కింద, చిన్నది పైన పేర్చాలి. ఇవిగాక పిల్లలు ఒక జగ్గులోంచి ఇంకో జగ్గులోకి నీళ్లు పోస్తారు. కందులు, పెసలు వేరు చేస్తారు. గుండీలు పెట్టుకుంటారు, బల్ల తుడుస్తారు. తల్లిదండ్రులు ఈ దృశ్యాన్ని అద్దం అవతలి నుంచి ఫోన్లలో తీసుకుని కళ్లు తుడుచుకుంటారు.

అదే పిల్లాడు సాయంత్రం ఇంట్లో బకెట్లో చెంబు ముంచాడనుకోండి, "అరేయ్, నీళ్లన్నీ పారబోస్తున్నవ్!" అని వీపు మీద ఒకటి పడుతుంది. చాటలో కందులు ముట్టుకుంటే చాట అటక ఎక్కుతుంది. అంగీ గుండీలు వాడే పెట్టుకుంటానంటే ఆటో వచ్చేసింది, టైం లేదు. దీన్ని వైరుధ్యం అనుకునేవాళ్లు తొందరపడుతున్నారు. ఫీజు కట్టిన చోటే నీళ్లు పారబోయాలన్నది చక్కటి ఆర్థిక క్రమశిక్షణ.

చరిత్ర కూడా చూడాలి కదా. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో డాక్టర్ మరియా మాంటిస్సోరి మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచారు. అక్కడి తల్లులూ తండ్రులూ కూలికి పోతే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు ఖరాబు చేస్తున్నారు. ఆ భవనాల యాజమాన్యానికి అది భరించరానిదైంది. పగటి పూట వీళ్లను ఒకచోట ఉంచి చూసే మనిషి కావాలనుకున్నారు. అంటే ఈ మహా సిద్ధాంతం పుట్టింది కూలి తల్లుల పిల్లలను పగలంతా చూసుకునే చోటులో. మన భాషలో దాన్ని డేకేర్ అంటారు. ఈ సంగతి అడ్మిషన్ల కౌంటర్‌లో ఎత్తకండి, బాగుండదు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కౌంటర్‌లో ఆ ముక్క చెప్పుకోవచ్చు, హుందాగా ఉంటుంది.

అయితే మాంటిస్సోరి అన్న పేరు ఎవరి సొత్తూ కాదు. అమెరికాలో 1967లోనే ట్రేడ్‌మార్క్ అధికారులు అది అందరూ వాడుకునే మాటేనని తేల్చారు. మన గల్లీల్లో ఫ్లెక్సీలు కొట్టేవాళ్లకు ఆ తీర్పు చదవాల్సిన అవసరం కూడా రాలేదు. నిన్నటి దాకా 'కిడ్స్' అని ఉన్న బోర్డుకు ఈ జూన్‌లో 'మాంటిస్సోరి' వచ్చి చేరుతుంది. లోపల అవే ప్లాస్టిక్ కుర్చీలు, అదే ఆయమ్మ. ఫీజు ఒక్కటే స్వేచ్ఛగా ఎదిగింది.

అసలుదాన్ని గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలంతా ఒకే గదిలో కలిసి ఉంటారు. ఎత్తుకున్న పనిని బెల్లు కొట్టి చెడగొట్టరు, దాదాపు మూడు గంటలు వాళ్ల మానాన వాళ్లను వదిలేస్తారు. నుదుటి మీద స్టార్లు అంటించరు, బహుమతులు ఉండవు, శిక్షలూ ఉండవు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఒకచోట అడగబోతే, మేడం నా ముఖంలో ఆందోళన చూసి పొరపడింది. "హోంవర్క్ ఉంటది సార్, మీరు టెన్షన్ పడకండి" అని ధైర్యం చెప్పింది.

ఇక డేకేర్ పక్షం. దీనికి సిద్ధాంతం లేదు, అదే దాని దౌర్భాగ్యం. చూడాల్సినవి చాలా చిన్న విషయాలు: ఒక ఆయమ్మకు ఎంతమంది పిల్లలు, ఆమె ఎన్నాళ్లుగా పనిచేస్తోంది, ఆమెకు జీతం సరిగ్గా అందుతోందా, బాత్‌రూం ఎలా ఉంది, గేటుకు గొళ్లెం ఉందా. ఇంత చిల్లర ప్రశ్నలు చదువుకున్నవాళ్లు అడగరు. సీసీ కెమెరా లింకు అడుగుతారు. ఆ తర్వాత తండ్రి ఆఫీసులో కూర్చుని, నిద్రపోతున్న కొడుకును రెండు గంటలు కన్నార్పకుండా చూస్తాడు. ఇంట్లో ఉన్న ఆదివారం వాణ్ని అంతసేపు చూసిన దాఖలా లేదు.

యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ పిల్లల గది ఏర్పాటు చేయాలని 2017లో చట్టం సవరించారు. అందుకే కాబోలు, కొన్ని సంస్థలకు నలభై తొమ్మిది మీద అంత మమకారం.

చివరికి ఈ సిద్ధాంత సమరాన్ని తేల్చేది గడియారం. మాంటిస్సోరి పన్నెండున్నరకు వదులుతుంది, తల్లి బ్యాంకు నుంచి ఆరున్నరకు వస్తుంది. కాబట్టి పిల్లాడు రెండింటికీ పోతాడు. పొద్దున స్వేచ్ఛాజీవి, నచ్చిన పని నచ్చినంతసేపు చేస్తాడు. మధ్యాహ్నం నుంచి "ఒక్క కాడ కూసో బిడ్డా, లేస్తే ఊకోను". రెండు రాజ్యాంగాల మధ్య ఆటోలో తిరుగుతూ వాడు మూడేళ్లకే రాజకీయాలకు పనికొచ్చే సమతూకం సంపాదిస్తాడు.

ఇక్కడ మూడో ప్రస్తావన కూడా ఉంది, మర్యాదస్తుల మధ్య ఎత్తకూడనిది. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో చాపల మీద కూర్చుంటారు. అన్నం కలుపుకుని తింటారు, గుడ్డు తింటారు. బరువు తూచి రిజిస్టర్‌లో రాస్తారు. ఫీజు లేదు. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం, రాష్ట్రంలో ముప్పై అయిదు వేలకు పైగా కేంద్రాలు. అంగన్‌వాడీ అంటారు. అద్దె గదులు, రాని బిల్లులు, సర్వేల నుంచి ఎలక్షన్ డ్యూటీల దాకా టీచరమ్మ నెత్తిన పడే పనులు, అన్నీ ఉన్నాయి. కానీ దాన్ని తిరస్కరించడానికి ఎవరూ ఇవేవీ కారణంగా చెప్పరు. అక్కడ మన పనిమనిషి కొడుకు కూడా వస్తాడట. శాన్ లొరెంజో మెట్ల మీద ఆడిన పిల్లలు వేరు, వాళ్లు ఇటలీ వాళ్లు.

సరే, నాకు తెలిసిన ఒక జంట నయీంనగర్‌లో అన్నీ బేరీజు వేసి, అప్పు చేసి, గులాబీ టవర్‌ను ఇంటికే తెప్పించుకున్నారు. ఓ సాయంత్రం పిల్లాడు దిమ్మెలు పేరుస్తుండగా ఇంటర్ కాలేజీ పీఆర్వో వచ్చాడు. పదో తరగతి పిల్ల ఉండే పక్క ఫ్లాటుకు పోబోయి వీళ్ల బెల్లు కొట్టాడు. వచ్చినవాడు ఊరికే పోలేదు. ఎనిమిదో దిమ్మె దాకా ఓపికగా చూశాడు, పుట్టిన తేదీ అడిగి రాసుకున్నాడు.

"ఎంపీసీనే సార్, డౌటే లేదు. ఇప్పుడే సీటు బ్లాక్ చేసుకుంటే ఫీజులో రాయితీ ఇప్పిస్త."

తండ్రి హాస్టల్లో ఏసీ ఉంటుందా అని అడిగాడు.